సున్నము వేయుటకు ముందు

చదువవలసిన వాక్యభాగములు: లేవీయకాండము 14:33–48, యిర్మీయా 6:14, మత్తయి 5:23–24, హెబ్రీయులకు 12:14–15.



శ్రమకాలము సమీపించునప్పటికి మన పల్లెలలో చేతులకు తీరిక ఉండదు. ఒక ప్రక్క పత్తి ఆఖరు తీతలు, మరియొక ప్రక్క మిరపకోతలు. కళ్లములో ఎఱ్ఱగా పరచిన కాయను విడిచి ఊరు దాటుట ఎవరికైనను కష్టమే. అయినను గత ఫిబ్రవరి మాసములో ఒక శుక్రవారము మధ్యాహ్నము మేమును మా గృహిణియు చిలకలూరిపేటలో బస్సెక్కి గుంటూరు వెళ్లితిమి. శనివారము రాత్రి ఆఖరు బస్సుకు తిరిగి వచ్చి ఆదివారపు ఆరాధనకు అందుకొంటిమి. ఆ ఒకటిన్నర దినములో ఒక ఇంటి గోడ యొద్ద మేము నేర్చుకొన్న పాఠమును ఈ మాసము మీ యెదుట ఉంచుచున్నాము. అది మాకు సంతోషకరమైన పాఠము కాదు. అయినను మేలైన పాఠము.

మా గృహిణితోకూడ బోర్డింగు బడిలో చదివిన స్నేహితురాలొకరు గుంటూరు పట్టణములోని ఒక పాత వీథిలో కాపురమున్నారు. ఆమె నర్సు. భర్త ప్రభువునందు నిద్రించి ఆరు సంవత్సరములైనది. ఆమెకు ఒక్కతే కుమార్తె. ఆ పిల్లను చూచుటకు సోమవారమునాడు పెండ్లివారు రానుండిరి. “నేను ఒక్క మనిషిని. డ్యూటీకి పోయి వచ్చేసరికి పొద్దుగూకుతుంది. మీరిద్దరూ ఒక్కరోజు వచ్చి చెయ్యేస్తే ఇల్లు ఇల్లులాగా కనపడుతుంది” అని ఆమె ఫోనులో అడిగెను. అట్టి పిలుపు విని పోకుండుట ఎట్లు?

ఆ ఇల్లు ఆమె తండ్రి గానుగ సున్నముతో కట్టించిన పాత మిద్దె. శుక్రవారము సాయంకాలము మేము చేరగానే పని పంచుకొంటిమి. ఆడవారు వంటపాత్రలు, తెరలు, దుప్పట్లు పట్టుకొనిరి. వెల్లవేయు పని మేము తీసికొంటిమి. పల్లెటూరి పాస్టరుకు ఆ పని క్రొత్తది కాదు. ప్రతి క్రిస్మసుకు ముందు మన గుడిగోడలకు యౌవనస్థులతోకూడ వెల్లవేయుచునే యున్నాము. రాత్రి భోజనమునకు ముందు పాత డ్రమ్ములో సున్నపురాయి పోసి నీళ్లు వేసితిమి. అది కుతకుత ఉడికి తెల్లవారుసరికి వెన్నవలె విచ్చుకొనెను. గుడ్డతో వడగట్టి, పిడికెడు ఉప్పు, కొంచెము జిగురు, చిటికెడు నీలిమందు కలిపి, చేతులకు నూనె రాసికొని కుంచె పట్టితిమి.

ముందుగదిలో పడమటి గోడమీద చాటంత మచ్చ యున్నది. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరము దాటిన సంగతి మన ప్రాంతములో ఎవరును మరువలేదు. ఆ వానలలోనే ఆ మచ్చ మొదటిసారి కనబడెనట. ఆ క్రిస్మసుకు ఆమె దానిమీద సున్నము వేయించెను. వేసవికి పెచ్చులూడెను. మరుసటి సంవత్సరము ఒకరి సలహామీద ప్లాస్టికు రంగు వేయించెను. అది కొన్నాళ్లు నిగనిగలాడి, తరువాత బొబ్బలెక్కెను. వ్రేలితో నొక్కగా లోపలినుండి పిండివలె చవుడు రాలెను.

“అన్నయ్యగారూ, సోమవారం ఒక్కరోజు నిలబడితే చాలు. తర్వాత ఊడితే ఊడింది” అని ఆమె అనెను. మేమును సరే అంటిమి. దాచనేల? త్వరగా ముగించి బస్సు అందుకొనవలెనను తొందర మాకును ఉండెను.

అప్పుడు ప్రక్కయింటి వృద్ధుడొకడు గుమ్మము దగ్గర నిలిచి మమ్మును చూచుచుండెను. ఆయన పూర్వము తాపీమేస్త్రీ. చాలసేపు ఏమియు పలుకక, చివరకు ఇట్లనెను: “అయ్యగారూ, ఆ గోడకి ఇప్పుడు మీరు సున్నం వేస్తే, గోడకి వేసినట్టు కాదు. నీళ్లకి వేసినట్టు.”

మేము కుంచె క్రిందపెట్టితిమి.

ఇంటికి పట్టిన పొడ

లేవీయకాండము 14వ అధ్యాయములో ఇంటికి పట్టు కుష్ఠుపొడను గూర్చిన విధి యున్నది. సెమినరీలో ఆ అధ్యాయమునకు వచ్చినప్పుడు మేము త్వరత్వరగా పుటలు త్రిప్పితిమని ఒప్పుకొనుచున్నాము. రాతికి, మట్టికి కుష్ఠేమిటి అనుకొంటిమి. అది గోడలకు పట్టు ఒక విధమైన బూజు అని పండితులనేకులు తలంచుచున్నారు. ఆ శనివారము ఆ గోడ యొద్ద నిలిచినప్పుడు ఆ అధ్యాయము వచనము వెంబడి వచనముగా మా కన్నులయెదుట జరిగెను. అది నాలుగు మెట్లుగా ఉన్నది.

1. చెప్పి, ఖాళీ చేయుట

ఆ ఇంటివాడు తానే యాజకునియొద్దకు పోయి, నా యింటిలో పొడవంటిది కనబడుచున్నదని చెప్పవలెను (35వ వచనము). యాజకుడు ఇల్లిల్లు తిరిగి గోడలు వెదకడు. చెప్పుట ఇంటివాని పని. తరువాత యాజకుడు లోపలికి రాకముందే సామానంతయు బయట పెట్టింపవలెను (36వ వచనము).

మేస్త్రీ కూడ మొదట అదే చెప్పెను. “ఆ బీరువా జరపండమ్మా” అనెను. మచ్చను ఆనుకొని పెద్ద చెక్కబీరువా ఒకటి యున్నది. మా స్నేహితురాలు కొంచెము సందేహించెను. ఆ బీరువా మొదట వేరొక గోడకు ఉండెననియు, మచ్చను కప్పుటకే దానిని ఇటు జరిపితిననియు తరువాత చెప్పెను. నలుగురము పట్టి జరిపితిమి. బయటికి చాటంత కనబడిన మచ్చ దాని వెనుక తలుపంత యుండెను. బీరువా వెనుక చెక్క పుచ్చిపోయెను. అడుగున మడిచి పెట్టిన బట్టలకు బూజు పట్టెను. అందులో తన కుమార్తెకని ఆమె దాచిన తన పెండ్లి తెల్లచీరె ఉండెను. మడత మడతకు పసుపు మచ్చలు.

ఆమె చీరె ఒడిలో పెట్టుకొని కొంతసేపు నేలమీదనే కూర్చుండెను. తరువాత, “నేను దాచింది మచ్చనొక్కదాన్నే అనుకున్నాను” అనెను.

సహోదరులారా, ఆ మాట ఇంటికి మాత్రమే చెల్లునా? మనము ఒక తప్పును కప్పుటకు దేనిని అడ్డుపెట్టుదుమో, మొదట పుచ్చునది అదే. త్రాగుడును కప్పుటకు పెద్దరికమును అడ్డుపెట్టినవాని పెద్దరికము పుచ్చును. అప్పును కప్పుటకు అబద్ధమాడిన ఇంటిలో భార్యాభర్తల నమ్మిక పుచ్చును. మచ్చ దానివలన తగ్గదు. చీకటిలో పెరుగును.

2. గోకుట

ఆ ఇంటి లోపలి గోడలను చుట్టు గీయించి, ఆ పెళ్లను ఊరివెలుపల పారబోయవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది (41వ వచనము). మేమును అట్లే చేసితిమి. ప్లాస్టికు రంగు, దాని క్రింది సున్నము, దాని క్రింది పాత పూత, ఇట్లు ఇటుక కనబడువరకు గోకితిమి. ఆరు తట్టల పెళ్ల బయటికి మోసితిమి.

గోకనిదే ఎందుకు నిలువదు? మేస్త్రీ చెప్పినదానిని, మేము చదివినదానిని కలిపి వ్రాయుచున్నాము. ఇటుకలోను, మన నేలలోను ఉప్పులుండును. గోడలోనికి నీరు చేరినప్పుడు ఆ ఉప్పులు కరగి నీటితోకూడ పైకి వచ్చును. నీరు గాలికి ఆరిపోవును గాని ఉప్పు మిగిలి, పూత క్రింద గడ్డకట్టి, దానిని లోపలినుండి బయటికి నెట్టును. అదే చవుడు. పెచ్చు బయటినుండి ఊడుటలేదు, లోపలినుండి త్రోయబడుచున్నది. ప్లాస్టికు రంగు వేసినచో చెమ్మకు బయటికి పోవు దారి తగ్గును గనుక బొబ్బలెక్కును.

సున్నము సంగతియు వినుడి. పల్నాటి పిడుగురాళ్ల సున్నపు బట్టీలు మనకందరికి తెలిసినవే. శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చగా 56 కిలోల సున్నము మిగులును. తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలిసిపోవును. నీళ్లు పోసి గోడకు పూసిన తరువాత, పోయిన ఆ వాయువునే సున్నము మెల్లమెల్లగా గాలిలోనుండి తిరిగి తీసికొని మరల రాయి యగును. కాబట్టి మంచి గోడమీద వేసిన సున్నము కేవలము రంగు కాదు, గోడతో ఏకమైన రాతిపొర. ఏబాలు కొండమీద రాళ్లకు సున్నము పూసి ధర్మశాస్త్రవాక్యములను వ్రాయుమని మోషే ఆజ్ఞాపించెను గదా (ద్వితీయోపదేశకాండము 27:2–4). సున్నములో దోషములేదు. రాలిపోవు పొడిమీద వేసినప్పుడు అది పట్టుకొనుటకు ఏమియు దొరకదు. అంతే.

3. వేరు తీయుట

“గోకాం సరే, నీళ్లెక్కడివి?” అని మేస్త్రీ అడిగి, నిచ్చెన వేయించి మిద్దె ఎక్కెను. మేమును ఎక్కితిమి. వాననీరు పోవు తూము ప్రక్కన, పిట్టగోడ నెరియలో, మోకాలెత్తు రావిమొక్క నిలిచియున్నది. కాకియో గోరువంకయో పండు తిని వేసిన రెట్టలో గింజ పడి మొలచినది. ఆ పిల్ల చూచి, “ఏటేటా కొమ్మ విరిచి పారేస్తూనే ఉన్నాను తాతా” అనెను. ఆయన నవ్వి, “కొమ్మ విరిచినకొద్దీ వేరు బలుస్తుందమ్మా” అనెను.

నాలుగు ఇటుకలు ఊడదీసిన తరువాత మూరెడు వేరు బయటపడెను. అది తూములోనికి చొచ్చి, నీటికి అడ్డుపడి, వాననీటినంతటిని గోడలోనికి మళ్లించుచుండెను. గదిలోని మచ్చకు కారణము గదిలో లేదు. వేరు పూర్తిగా లాగి, తూము శుభ్రముచేసి, మంచి ఇటుకలు పెట్టి సిమెంటుతో పూడ్చితిమి. పొడ పట్టిన రాళ్లను ఊడదీసి వేరు రాళ్లు చేర్చవలెనను విధి (40, 42 వచనములు) ఇదే గదా అని మాలో మేము అనుకొంటిమి.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక చేదైన వేరును గూర్చి హెచ్చరించుచున్నది. అది మొలచి కలవరపరచుననియు, దానివలన అనేకులు అపవిత్రులగుదురనియు చెప్పుచున్నది. మనము కోపమును అప్పుడప్పుడు విరిచి పారవేయుదుము. ఒక పండుగకు పలుకరింతుము, ఒక పెండ్లికి వెళ్లివత్తుము. వేరు మాత్రము తూములోనే యుండును.

4. ఆరనిచ్చుట

యాజకుడు పొడను చూచి ఆ ఇంటిని ఏడు దినములు మూసియుంచవలెను. ఏడవ దినమున మరల వచ్చి చూడవలెను (38, 39 వచనములు). గోకి పూసిన తరువాత కూడ వచ్చి చూచి, పొడ వ్యాపింపనియెడలనే అది పవిత్రమని నిర్ణయింపవలెను (48వ వచనము). దేవుడు ఆ విధిలో తొందరకు చోటియ్యలేదు.

“ఈ గోడ ఆరాలి. పూత ఇప్పుడొద్దు, సున్నమూ వద్దు. ఎండలు ముదరనివ్వండి” అని మేస్త్రీ చెప్పెను. మిరప పండించు మనకు ఇది వేరొకరు చెప్పనక్కరలేదు. చెమ్మ ఆరని కాయను తొందరపడి బస్తాలకు కట్టినవాడు ఏమగునో మనకు తెలియును. పైకి బస్తా బస్తాగానే యుండును. యార్డులో విప్పినప్పుడు బూజు కనబడును.

తక్కిన గోడలకు మూడేసి పలుచని పూతలు వేసితిమి. సాయంకాలమునకు ఇల్లంతయు తెల్లగా ఉండెను. పడమటి గోడ మాత్రము ఇటుకలు కనబడుచు అట్లే నిలిచెను. మేము బయలుదేరునప్పుడు మా స్నేహితురాలు దానివైపు చూచి, “వాళ్లడిగితే ఉన్నమాట చెబుతాను” అనెను. సోమవారము రాత్రి ఫోనుచేసి, వచ్చినవారికి అట్లే చెప్పితిననియు, పిల్లవాని తండ్రి సేద్యగాడు గనుక గోడను చేతితో తడిమి, మంచి పని చేసితిరని అనెననియు తెలిపెను. సంబంధము సంగతి ఇంకను మాటలలోనే యున్నది. ప్రార్థించుడి.

మా చేతితో వేసిన వెల్ల

ఇప్పుడు మేము అసలు చెప్పవలసిన సంగతికి వచ్చితిమి. ఇరువురు సహోదరుల అనుమతితో దీనిని వ్రాయుచున్నాము. పేర్లు వ్రాయము.

ఆ గోడను గోకుచుండగా మాకు మా సంఘములోని ఒక గోడ జ్ఞాపకము వచ్చెను. ఒకే తల్లి బిడ్డలైన అన్నదమ్ములు. అన్నచేను మెరక, తమ్ముని చేను పల్లము, నడుమ ఒక గట్టు. రెండును నల్లరేగడి. పైన చెప్పిన తుఫాను రాత్రి ఆ గట్టు తెగి అన్నచేని నీరంతయు తమ్ముని మిరపచేనిలో నిలిచెను. మూడు దినములలో పైరు ఉరకెత్తెను. “వానే తెంచింది” అని అన్న, “పారతో తెంచారు” అని తమ్ముడు. మాట పెరిగెను. క్రిస్మసు దగ్గర పడెను. పండుగనాడు సంస్కారము ఇయ్యవలెను గనుక మేము వారిద్దరిని మా ఇంటికి పిలిచి, వాక్యము చదివి, ప్రార్థనచేసి, చేతిలో చేయి వేయించితిమి. అంతయు పావుగంటలో ముగించితిమి. సంఘపెద్దలకు సమాధానమైనదని చెప్పితిమి.

నాటినుండి అన్న కిటికీ దగ్గర, తమ్ముడు ద్వారము దగ్గర కూర్చుండుచున్నారు. వారి పిల్లలు ఒకరితో ఒకరు ఆడుకొనరు. మేము అది చూచుచునే యుంటిమి. ప్రజల గాయమును పైపైన మాన్పి, సమాధానము లేనిచోట ఉన్నదని పలికినవారిని యిర్మీయా ద్వారా దేవుడు గద్దించెను. ఆ గద్దింపు యాజకులకును చెందినదని మేము గుంటూరులో ఆ గోడముందు గ్రహించితిమి. గట్టు ఎట్లు తెగెనో మేము ఆనాడు అడుగలేదు. అడిగినచో పండుగ చెడునని భయపడితిమి. చెమ్మగోడకు సున్నము వేసిన చేయి మాదే.

తిరిగివచ్చిన మరునాడు ఆదివారము. సోమవారము సాయంకాలము అన్న ఇంటికి పోయి, “ఆనాడు నేను తొందరపడ్డాను, మిమ్మల్ని సరిగా వినలేదు. క్షమించండి” అని అడిగితిమి. ఆయన కళ్లములో కాయ తిరుగవేయుచు చాలసేపు మాటలాడలేదు. చివరకు, “గండి నేనే కొట్టానయ్యగారూ. నా చేను పోతుందని భయపడ్డాను” అనెను. ఆ మాట తమ్మునితో చెప్పుటకు ఆయనకు ఇంకను వారము పట్టెను. మేము తొందరపెట్టలేదు. ఆయనతోకూడ తమ్ముని వాకిటికి నడచితిమి. తమ్ముడు విని, “ఈ మాట ఆనాడే చెప్పి ఉంటే, పైరు పోయినా అన్న మిగిలేవాడు” అనెను. అంతకుమించి ఆ రాత్రి ఏమియు జరుగలేదు.

వారు కౌగిలించుకొనిరని వ్రాయగోరుదుము గాని అది నిజము కాదు. వచ్చు వర్షములకు ముందు రెండు చేలకు నడుమ మురుగుకాలువ ఒకటి కలిసి త్రవ్వుటకు మాత్రము ఒప్పుకొనిరి. నీటికి దారి ఏర్పడవలెను గదా. గోడ గోకబడినది, ఇప్పుడు ఆరుచున్నది. అర్పణను బలిపీఠము నెదుట విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమని ప్రభువు చెప్పినప్పుడు, ఎన్ని గంటలలో రావలెనో చెప్పలేదు. పోవలెనని చెప్పెను.

ప్రియులారా, ఈ శ్రమకాలములో మన ఇండ్లు అలికి, గుడికి వెల్లవేసి పునరుత్థాన పండుగకు సిద్ధపడుదుము. మంచిదే. అయితే కుంచె ముంచుటకు ముందు ఒకసారి బీరువా జరిపి చూతము.

ఆలోచించుటకు ప్రశ్నలు
(ఆదివారపు బడి, స్త్రీల సమాజ కూటములలో చర్చింపవచ్చును)

1. ఇంటికి పట్టిన పొడను గూర్చి మొదట చెప్పవలసినవాడు ఎవడు? అట్లు ఎందుకు ఏర్పాటు చేయబడెను?
2. మన ఇంటిలో, మన సంఘములో, మచ్చను కప్పుటకు అడ్డుపెట్టబడిన “బీరువా” ఏది? అది ఎంతవరకు పుచ్చినది?
3. మనము ఏటేటా కొమ్మ విరిచి, వేరు విడిచిన తగవు ఏదైన ఉన్నదా? నీరు ఎక్కడనుండి వచ్చుచున్నది?
4. ఇతరులను సమాధానపరచునప్పుడు తొందరపడుటవలన కలుగు కీడు ఏది? పెద్దలును కాపరులును దీనినుండి ఏమి నేర్చుకొనవలెను?

ప్రార్థన: ప్రభువా, మా గోడల లోపలిని ఎరిగినవాడవు నీవే. కప్పుటలో కాదు, చెప్పుటలో మాకు ధైర్యము దయచేయుము. వేరు తీయువరకు మమ్మును విడువకుము. ఆరువరకు ఓర్పునిమ్ము. ఆమేన్.